ఒక్క టీవీకి రెండు రిమోట్లు

రిమోట్ చెడిపోయిన రోజే ఎవరూ దుకాణానికి రారు. చెడిపోయిన రిమోట్‌ను జనం నెలల తరబడి వాడతారు. వెనక మూత పోతే రబ్బరు బ్యాండు చుడతారు. నొక్కితే పలకకపోతే అరచేతికేసి రెండు దెబ్బలు కొడతారు. సెల్స్ తీసి ఎండలో పెట్టి మళ్ళీ వేస్తారు. ఇవన్నీ అయిపోయి, ఇంట్లో ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం మానేశాక అప్పుడొస్తారు. కౌంటర్ మీద రిమోట్ పెట్టి, ‘ఇది బాగైతదా?’ అని అడుగుతారు.

శాలిబండలో కరీం భాయ్ టీవీ రిపేరు దుకాణంలో నా నౌకరీ ఇదే. పాత రిమోట్లు విప్పి శుభ్రం చేయడం, అది కుదరకపోతే అన్నిటికీ పనికొచ్చే యూనివర్సల్ రిమోట్ ఒకటి ఎంచి ఇవ్వడం, ఇంటికి వెళ్ళి దాన్ని సెట్ చేసి రావడం. ఇప్పుడు అదే కౌంటర్ దగ్గర నా మనవరాలు శ్రావణి కూర్చోబోతోంది. నేను చెబుతుంటే ఇదంతా ఫోన్‌లో కొడుతున్నది కూడా ఆ పిల్లే. మొదటి మాటకే అడ్డం తగిలింది.

“నానమ్మా, కథలొద్దు. ఏ టీవీకి ఏ కోడో గది చెప్పు, కొట్టుకుంట.”

“కోడ్‌లు డబ్బల కాయితం మీద ఉంటయి బిడ్డా. బాలమణక్క ఇంటి గోడ సంగతి గా కాయితంల లేదు.”

“రిమోట్‌కు గోడకు ఏం సంబంధం?”

“గదే చెప్తున్న. కొట్టు.”

బాలమణక్కది మా వెనక గల్లీ. ఇద్దరు కొడుకులు, పాల వ్యాపారం. ఒక రిమోట్ దగ్గర మొదలైన కొట్లాటకు ఆ అన్నదమ్ములు ఇంటి హాలు నడుమ గోడ లేపుదామనుకున్నారు. ఆ గోడ గీత సరిగ్గా వాళ్ళమ్మ మంచం కిందినుంచి పోతుంది. గోడ లేస్తే ముసలామె పెద్దకొడుకు వైపో, చిన్నకొడుకు వైపో తేల్చుకోవాలి. నన్ను పిలిపించింది ఆమే. ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్ళు తెలుసుకోవాల్సినదంతా నాకు ఆ ఇంట్లోనే తెలిసొచ్చింది కాబట్టి అదే చెబుతాను.

కరీం భాయ్ దగ్గర

ముందు మా యజమాని గురించి రెండు ముక్కలు. కరీం భాయ్ చెయ్యి తగిలితే చచ్చిన టీవీ లేచి కూర్చునేది. నోరు మాత్రం పొదుపు. పని నేర్పేటప్పుడు ఒక్క మాట చెప్పి, మిగతాది కళ్ళతో ఉరిమేవాడు. నేను మొదట అక్కడ చేరింది రిమోట్లు తుడవడానికి. బటన్ల కింద రబ్బరుకు నల్లటి మసి పూత ఉంటుంది. అది అరిగిపోతే బటన్ పలకదు. చాక్లెట్ చుట్టే తళతళ కాయితం చిన్న గుండ్రంగా కత్తిరించి అక్కడ అంటిస్తే మళ్ళీ పలుకుతుంది. వంటింటి చేతులకు ఆ పని ఇట్టే వచ్చేసింది.

ఇళ్ళకు వెళ్ళడం మొదలైంది మాత్రం నా తెలివి చూసి కాదు. మా చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో పర్దా ఉంది. టీవీ ఉండేది ఆడవాళ్ళ గదిలో. మగ మెకానిక్ వస్తే ఇల్లంతా ఖాళీ చేసి లోపలికి పోవాలి, వంట ఆగిపోవాలి, పసిపిల్లలు ఏడవాలి. ఒకరోజు కరీం భాయ్ సంచి నా చేతికిచ్చాడు.

“నువ్వు పో బహెన్. నేను పోతే పూరా ఘర్ పరేషాన్.”

“నాకు సెట్ చేసుడు రాదు భాయ్.”

“సెట్ బటన్ దబాకే పట్టుకో. ఎర్ర లైట్ ఆగుతది. పవర్ బటన్ ఒక్కొక్కసారి నొక్కు. టీవీ బందయ్యిందా, వేలు తియ్. బస్.”

అంతే నా చదువు. యూనివర్సల్ రిమోట్ కడుపులో వందల టీవీల కోడ్‌లు ఉంటాయి. మనం నొక్కినకొద్దీ అది ఒక్కొక్క కోడ్ పంపి చూస్తుంది. ఏ కోడ్‌కు టీవీ ఆరిపోతే ఆ కోడ్ ఆ టీవీది. అక్కడే ఆగి సెట్ బటన్ నొక్కి తాళం వేసుకోవాలి. ఆ మొదటి ఇంట్లో నేను చాలాసేపు నొక్కాక టీవీ టప్పున ఆరింది. ఇంటి ఆడవాళ్ళంతా “బంద్ హోగయా, బంద్ హోగయా” అని చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో నా వేలు ఇంకోసారి నొక్కింది. దొరికిన కోడ్ దాటిపోయింది. మళ్ళీ మొదటినుంచి. రెండోసారి దొరికినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నేనే కొట్టవద్దని చెప్పాను. ఈ పనిలో వేలు ఎంత చురుగ్గా కదులుతుందన్నది లెక్క కాదు, ఎక్కడ ఆగుతుందన్నదే లెక్క.

కరీం భాయ్‌లో నాకు నచ్చనిది కూడా చెబుతాను, ఆయన ఇప్పుడు పింఛను మనిషిలా ఇంట్లో కూర్చుని ఇలాంటివి చదివించుకుంటాడు కాబట్టి వినాల్సిందే. ఎవరొచ్చి ఏ రిమోట్ అడిగినా ఆయన కళ్ళు మూసుకుని ఒకటే డబ్బా తీసి ఇచ్చేవాడు. ‘అన్ని టీవీలకూ పనిచేస్తుంది’ అని దాని మీద రాసి ఉండేది. ఆ రాసినవాడెవరో మన పాతబస్తీ టీవీలు చూడలేదు. ఇక్కడ పెట్టె ఒకరిది, తెర ఇంకొకరిది, లోపలి బోర్డు ఎవరిదో దేవుడికి తెలియాలి. డబ్బా మాట నమ్మి తీసుకెళ్ళినవాళ్ళలో సగంమంది తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళను సముదాయించే పని నాది.

వేడినీళ్ళతో కడిగిన రిమోట్

బాలమణక్క దుకాణానికి వచ్చిన రోజు బాగా గుర్తు. కొంగు చాటునుంచి ఒక రిమోట్ తీసి నా ముందు పెట్టింది. తెల్లగా కడిగిన గిన్నెలా మెరుస్తోంది. వాసన మాత్రం నిన్నటి మజ్జిగ.

“ఏమైందక్కా దీనికి?”

“పాలల్ల పడ్డది చెల్లె.”

వాళ్ళ హాల్లోనే పాల క్యాన్లు దించి, కొలిచి, ఇళ్ళకు పంపిస్తారు. పెద్దకొడుకు యాదగిరికి పొద్దస్తమానం వార్తలు కావాలి. నలుగురు కూర్చుని అరుచుకుంటుంటే ఆయనకు ప్రాణం కుదుటపడుతుంది. చిన్నకొడుకు నర్సింగ్‌కు టీవీ పట్టదు, ఆయన భార్య లావణ్యకు సీరియల్ కావాలి. అన్నదమ్ములకు వంటలు అప్పటికే వేరయ్యాయి. హాలు, టీవీ, తల్లి మాత్రం ఉమ్మడిగా మిగిలాయి. ఆ రోజు సీరియల్ వేళకు యాదగిరి రిమోట్ వదల్లేదు. భార్య తరఫున నర్సింగ్ రెండో కొస పట్టుకున్నాడు. ఇటు గుంజి అటు గుంజి, చివరికి రిమోట్ ఎగిరి మూత తీసిన క్యాన్‌లో పడింది.

“తీసి తుడిస్తే అయిపోతుండె గదక్కా.”

“తుడుసుడేంది? పాలు తగిలినదాన్ని తుడిస్తే వాసనొస్తది. వేడినీళ్ళల్ల ముంచి, పీచేసి తోమి, క్యాన్ల పక్కన బోర్లిచ్చిన.”

పాల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కోడలైన మనిషి. పాలు తగిలిన గిన్నెను ఎలా కడగాలో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. రిమోట్‌నూ అలాగే కడిగింది. కరీం భాయ్ విప్పి చూసి, మూత మళ్ళీ మూసేశాడు.

“బహెన్, ఇది రిమోట్ కాదు, దహీ. తోడుకున్నది.”

నేను నవ్వాను గాని బాలమణక్క నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది.

“చెల్లె, గీ లొల్లి మీద ఇద్దరు గోడ అంటున్నరు. ఇటుకలు దిగినయి. మేస్త్రి అయితారం వస్తడు. మొన్న సున్నంతోని గీత గీసిండ్రు, నా మంచం నడుమలకెల్లి పోయింది. ‘అమ్మా, నీ ఇష్టం, ఎటన్న ఉండు’ అంటరు. ఎటుంటే ఏమన్నట్టు? పెద్దోని దిక్కుంటే చిన్నోడు కాదన్నట్టేనా?”

“కొడుకులతోని గట్లనే చెప్పకపోయినవ్.”

“చెప్పిన. ఇటుకలు గల్లీల ఉన్నయి, అందరు చూసిండ్రు. ఇప్పుడు గోడ వద్దన్నోడు తగ్గినట్టట. ఇద్దర్ల ఒక్కడు నోరు తెరుస్తలేడు. నువ్వొచ్చి టీవీ సక్కగ చెయ్యి. రిమోట్ లొల్లి వోతే గోడ మాట వాళ్ళే మర్చిపోతరేమో.”

ఎంచేముందు అడగండి

ఇక్కడ కాస్త ఆగి ఎంపిక సంగతి చెబుతాను. కొత్తవాళ్ళు ముందు టీవీ పేరు అడుగుతారు. నేను అడిగేది వేరు. రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది? వాళ్ళు ఎక్కడ కూర్చుంటారు? దాంతో ఏమేమి నడవాలి? పాత రిమోట్‌లో ఇంకా ప్రాణం ఉందా?

చివరిది చాలా ముఖ్యం. యూనివర్సల్ రిమోట్లలో రెండు జాతులు. ఒకటి కోడ్‌లు కడుపులో పెట్టుకుని పుట్టినది. రెండోది నేర్చుకునేది. నేర్చుకునేదానికి గురువు కావాలి. అసలు రిమోట్ తల, దీని తల ఎదురెదురుగా పెట్టి, అక్కడ ఒక బటన్, ఇక్కడ ఒక బటన్ నొక్కుతూ ఒక్కొక్క పాఠం చెప్పించాలి. అసలుది చచ్చాక వస్తే చెప్పేవాళ్ళుండరు. అందుకే వచ్చిన ప్రతివాళ్ళతో, ‘పాతది మూలుగుతున్నప్పుడే తీసుకురండి’ అంటాను.

బటన్ల సంఖ్య చూసి మోసపోవద్దు. సంతోష్‌నగర్‌లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక గవర్నమెంటు ఉద్యోగి ఉండేవారు. టీవీ, కేబుల్ బాక్స్, పాటల డబ్బాలు, టీవీకి గుచ్చితే ఇంటర్నెట్ సినిమాలొచ్చే పుల్ల, అన్నిటికీ కలిపి ఒకటే రిమోట్ కావాలన్నారు. మోచెయ్యంత పొడవున్నది ఎంచి తెచ్చుకున్నారు. నేను గంటసేపు కూర్చుని అన్నీ కలిపాను, పుల్ల ఒక్కటి లొంగలేదు. దాని రిమోట్ వెలుతురుతో మాట్లాడదు, ఫోన్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకున్నట్టు మాట్లాడుతుంది. అది నాకు చెప్పింది ఆయనే. ఫోన్ కెమెరా తెరిచి రిమోట్ మూతి వైపు పెట్టించారు.

“చూడండమ్మా, టీవీ రిమోట్ నొక్కితే తెరమీద చుక్క వెలుగుతోంది కదండీ? ఈ పుల్లది నొక్కండి. ఏం కనబడదు. కంటికి కనబడని వెలుతురండీ అది, కెమెరాకు దొరుకుతుంది.”

అప్పటినుంచి ఏ రిమోట్ వచ్చినా నేను ముందు చేసేది ఆ కెమెరా పరీక్షే. ఆయన దగ్గర నేర్చుకున్నాను, దానికి ఆయనకు దండం. అయితే ఆయన భార్య నన్ను వీధి గుమ్మం దాకా సాగనంపుతూ మెల్లగా అడిగింది: “అన్నీ బానే ఉన్నాయి గానండీ, ఆపడానికి ఏది నొక్కాలి?” ఆమెకు కావలసింది మూడు బటన్లు. మర్నాడు ఎర్ర గోళ్ళరంగుతో ఆ మూడింటి మీదా చుక్కలు పెట్టి వచ్చాను. చేతిలో పట్టుకునే మనిషిని ముందే అడిగి ఉంటే ఒక తిరుగుడు తప్పేది.

సగం పని

బాలమణక్క ఇంటికి వెళ్ళేసరికి హాలు మధ్యలో సున్నం గీత అలాగే ఉంది. ఆమె మంచం ఫ్యాన్ కింద, రెండు కాళ్ళు గీతకు ఇటు, రెండు అటు. టీవీ పెద్దకొడుకు వైపు గోడకు ఉంది. చిన్నకొడుకు కుటుంబం గీతకు ఇవతల చాప వేసుకుని అక్కడినుంచే చూస్తుంది.

టీవీకి కంపెనీ పేరే లేదు. అసలు రిమోట్ తోడుకుంది కాబట్టి నేర్పేవాళ్ళు లేరు. కోడ్‌ల రిమోట్‌తో వెతికాను, నొక్కీ నొక్కీ చివరికి ఆరింది. ఈసారి వేలు ఆగింది. ఆన్, ఆఫ్, సౌండ్ వచ్చాయి. అదే రిమోట్‌లో కేబుల్ బాక్స్ కూడా కలపాలని చూశాను. బాక్స్ మన లోకల్ కేబుల్ వాళ్ళది, దాని కోడ్ ఏ రిమోట్ కడుపులోనూ లేదు. బాక్స్‌కు దాని సొంత రిమోట్ ఒకటి ఉంది, చానళ్ళు మార్చడానికి దిట్టంగానే పనిచేస్తోంది. దాని మీది సౌండ్ బటన్లు మాత్రం అన్నదమ్ముల యుద్ధంలో ఎప్పుడో అరిగిపోయాయి.

“ఇయ్యాల గింతే అయితది. నేర్చుకునే రిమోట్లు రెండు కోఠిలకెల్లి తెప్పిస్త. ఒక్కొక్కదానికి టీవీది, బాక్స్‌ది రెండు నేర్పి ఇద్దరికి చెరొకటి ఇస్త. అప్పటిదాక గీ రెండింటితోని నడిపించుండ్రి.”

“చిన్నమ్మా, ఆన్, ఆఫ్, సౌండ్ ఉన్నది నాకియ్యి. పెద్దోణ్ణి,” అన్నాడు యాదగిరి.

లావణ్య బాక్స్ రిమోట్ చటుక్కున తీసుకుంది. “అయితే చానళ్ళు మాయి బావా.”

అలా అనుకోకుండా టీవీ రెండుగా పంచుకున్నట్టయింది. ఒకరు తెరవకపోతే ఇంకొకరికి చానల్ లేదు. ఒకరు మార్చకపోతే ఇంకొకరికి వార్తలు లేవు. సంచి సర్దుకుంటుంటే బాలమణక్క వంటింట్లోకి సైగ చేసింది.

“ఇగ రాకు చెల్లె.”

“అదేంది? పని సగమే అయింది.”

“సగమే ఉండనియ్యి. జర చూద్దాం.”

రెండు రోజులయ్యాక నవ్వాపుకుంటూ దుకాణానికి వచ్చింది. మొదటి సాయంత్రం ‘సౌండ్ తగ్గిస్తేనే మారుస్త’ అని లావణ్య, ‘వార్తలు పెడితేనే తగ్గిస్త’ అని యాదగిరి. ఎవరూ దిగిరాలేదు. టీవీలో ఉల్లిగడ్డలు తరిగే మిషన్ అమ్మే చానల్ ఉందట. రెండు కుటుంబాలూ పంతంగా కూర్చుని, దడదడలాడే సౌండ్‌తో, పడుకునేదాకా ఉల్లిగడ్డలే చూశాయట.

“పెద్దకోడలు గా మిషన్ కొంటనంటున్నది చెల్లె,” అంది బాలమణక్క.

మర్నాడు రాజీ కుదిరింది: ఒక వార్తల లొల్లి, ఒక సీరియల్. సీరియల్ నడిచేటప్పుడు సౌండ్ చూసుకోవాలి కాబట్టి యాదగిరి అక్కడే కూర్చోవాలి. కూర్చున్నవాడు చూడక ఏం చేస్తాడు? ఇప్పుడు పొద్దున పాలు కొలుస్తూ తమ్ముడి భార్యను అడుగుతున్నాడట: “గా చిన్నపిల్ల ఆమె కడుపున పుట్టిందేనా, లేక దొరికిందా?”

“ఇంకేంది, గోడ మాట వోయినట్టే గదా?”

ఆమె మొహం వాడిపోయింది. “యాడ వోయింది? మేస్త్రి ఫోన్ చేస్తే ఇద్దరు ‘రా’ అన్నరు. రావద్దని ఎవడంటడు?”

కరీం భాయ్ ఇదంతా వింటూనే ఉన్నాడు. ఆమె వెళ్ళాక కోఠి నుంచి వచ్చిన రెండు రిమోట్లు నా ముందు పెట్టాడు.

“ఆధా కామ్ ఛోడ్‌కే వచ్చినవా? గిరాకీ ఏమడిగిండో గది చెయ్.”

“ఏ గిరాకీ భాయ్? ఇద్దరు కొడుకులు రెండు రిమోట్లు అడిగిండ్రు. తల్లి వద్దంటున్నది.”

“తల్లి గోడ వద్దన్నది. రిమోట్ వద్దనలేదు. నీ దుకాణంల గోడలు అమ్ముతవా? జావ్.”

ఆ మాటకు నాకు అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనదే సరైన మాట. ఒప్పుకున్న పని సగంలో ఉంచి, ‘మాల్ రాలేదు’ అని అబద్ధం చెప్పి, ఇంకొకరి ఇల్లు నిలబెడదామనుకోవడం మన పని కాదు. పని చేసి రావాలి. అయితే ఎలా చేయాలో మాత్రం పని దగ్గరికి వెళ్ళాకే తెలుస్తుంది.

మేస్త్రి వచ్చిన రోజు

ఆదివారం సాయంత్రం నేను వెళ్ళేసరికి గోడ సగం లేచింది. మేస్త్రి పొద్దున్నే మొదలుపెట్టినట్టున్నాడు, చాప మీద కూర్చున్నవాళ్ళ తల దాటింది. మంచం వాకిట్లోకి వచ్చేసింది. బాలమణక్క దాని మీద వీపు ఇంటివైపు తిప్పుకుని కూర్చుంది. నన్ను చూసి, నా చేతిలో సంచి చూసి, మొహం పక్కకు పెట్టుకుంది.

లోపల యాదగిరి గోడకు అవతల వార్తలు చూస్తున్నాడు. ఇవతల లావణ్య, నర్సింగ్. సీరియల్ వేళ అయింది.

“లావణ్యా, టైమయింది. మార్చు.”

లావణ్య కూర్చున్నచోటినుంచే నొక్కింది. ఏమీ కాలేదు.

“పడ్తలేదు బావా.”

“సెల్స్ వోయినయా ఏంది? చిన్నమ్మా, జర చూడు.”

కెమెరా పెట్టి చూశాను. చుక్క చక్కగా వెలుగుతోంది. సెల్స్ మంచివే. ఆ వెలుతురు కిటికీ అద్దంలోంచి పోతుంది, ఎదురుగోడకు తగిలి తిరిగి వస్తుంది కూడా, ఇటుక అడ్డమొస్తే మాత్రం అక్కడే చస్తుంది. అదే చెప్పాను.

“రిమోట్ మంచిగనే ఉన్నది. గోడ అడ్డమొచ్చింది.”

“అయితే లేచి నిలబడి నొక్కు,” అన్నాడు యాదగిరి.

లావణ్య లేవలేదు. “నిలబడితే పడ్తది బావా. గని సీరియల్ మొత్తం నిలబడి చూడాల్నా నేను? కూసుంటే నాకు కనబడది. నాకు కనబడని సీరియల్ మీకెందుకు పెట్టాలె?”

“అయ్యో, గా పిల్ల ఎవలదో ఇయ్యాల తెలుస్తదమ్మా!”

“తెలవనియ్యి.”

మేస్త్రి తాపీ పట్టుకుని ఇటూ అటూ చూస్తున్నాడు. యాదగిరికి అప్పుడు నేను గుర్తొచ్చాను.

“చిన్నమ్మా, రెండు రిమోట్లు తెస్తనంటివి. తెచ్చినవా?”

వాకిట్లో మంచం కిర్రుమంది. బాలమణక్క ఇటు తిరిగింది. తెచ్చానంటే పెద్దకొడుకు చేతికి చానళ్ళు కూడా వస్తాయి, లావణ్యతో పనిలేదు, గోడ కప్పు దాకా పోతుంది. తేలేదంటే అది అబద్ధం. సంచిలోంచి రెండూ తీసి గోడ మీద పెట్టాను.

“తెచ్చిన. గని ఇవి ఇంక పసిపిల్లలు. నేర్పాలె. టీవీది నీ రిమోట్ చూపిచ్చి నేర్పుత. బాక్స్‌ది నేర్పాలంటే గా అసలు రిమోట్ కావాలె. తలకు తల ఆనిచ్చి చెప్పిచ్చాలె.”

అసలు రిమోట్ లావణ్య చేతిలో ఉంది. అందరూ ఆమె వైపు చూశారు. గోడ అవతల ఉన్న యాదగిరి ఆమె కనబడక లేచి నిలబడి మరీ చూశాడు.

“ఇయ్యమ్మా జర.”

“ఇయ్య.”

“నర్సింగ్, నువ్వన్న చెప్పురా.”

నర్సింగ్ తక్కువ మాటల మనిషి. గీత గీసినప్పటినుంచి అన్నతో మాట కలపలేదు. గోడను ఒకసారి చూశాడు, భార్యను చూశాడు.

“నాలుగు వరసలు తీపిచ్చు అన్నా. ఆమెకు టీవీ కనబడితే ఇస్తది.”

“గోడ వద్దంటున్నవా?” యాదగిరి గొంతులో ఆశ ఉందో పంతం ఉందో నాకు తెలియలేదు.

“గోడ ఎవలొద్దన్నరు? సీరియల్ గురించి అంటున్న.”

“నేను గూడ సీరియల్ గురించే. మేస్త్రీ, తియ్యి. గోడ ఉంటది. ఎత్తు మాత్రం తియ్యి.”

ఎవరూ తగ్గకుండా తగ్గడానికి ఒక సీరియల్ కావాల్సి వచ్చింది. మేస్త్రి నన్ను అడిగాడు, “ఎంత తియ్యాలె, ఒక్క మాట చెప్పుండ్రి. మల్ల పెట్టు, మల్ల తియ్యి అంటే కాదు.”

“రిమోటే చెప్తది, ఆగు.”

లావణ్యను చాప మీద మామూలుగా కూర్చోమన్నాను. రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, రోజూ నొక్కినట్టు నొక్కమన్నాను. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. మేస్త్రి ఒక వరస తీశాడు, పడలేదు. ఇంకో వరస, పడలేదు. ఇంకొకటి తీస్తే చానల్ మారింది గాని, ఆమెకు తెరలో సగమే కనబడుతోంది. ఇంకో రెండు తీశాక, “ఆ, కనబడ్తున్నది, బొమ్మల మనుషుల కాళ్ళు గూడ కనబడ్తున్నయి” అంది. గోడ మోకాలెత్తుకు దిగింది. యాదగిరి అప్పటికే సీరియల్‌లో పడిపోయాడు, గోడ ఎంతకు దిగిందో చూసే తీరిక ఆయనకు లేదు. లావణ్య అసలు రిమోట్ నా చేతికిచ్చింది.

నేను మూల కూర్చుని రెండు రిమోట్లకు పాఠాలు చెప్పిస్తుంటే బాలమణక్క లోపలికి వచ్చింది. మోకాలెత్తు గోడ చుట్టూ ఒకసారి తిరిగింది. చేత్తో ఒత్తి చూసింది. గల్లీలో మిగిలిన ఇటుకల గుట్ట వైపు చూసింది. తలెత్తి ఫ్యాన్ చూసింది.

“మేస్త్రీ, ఎత్తు అయిపోయింది గద.”

“అయిపోయిందవ్వా.”

“ఇగ వెడల్పు కట్టు.”

“వెడల్పా? ఎంత?”

ఆమె వాకిట్లో మంచం చూపించింది. “గంత.”

మేస్త్రి తాపీ కింద పెట్టేశాడు. “అవ్వా, గంత వెడల్పుంటే దాన్ని గోడ అనరు, అరుగు అంటరు.”

“అమ్మా, గిదేంది?” అన్నాడు యాదగిరి, కళ్ళు టీవీ మీదినుంచి తిప్పకుండానే.

“మీరిద్దరు గోడ అన్నరు, కట్టిస్తున్న. తెచ్చిన ఇటుకలు వాపసు పోవద్దన్నరు, పోతలేవు. ఎటుంటవో తేల్చుకో అన్నరు. నేను గోడ మీద ఉంట. ఇంకేమన్న ఉన్నదా?”

నర్సింగ్ ముందు నవ్వాడు. ఆ నవ్వు యాదగిరికి అంటుకుంది. ఇద్దరూ వెళ్ళి గల్లీలో మిగిలిన ఇటుకలు మోసుకొచ్చారు. చెరోవైపునుంచి మేస్త్రికి అందిస్తుంటే లావణ్య మాత్రం, “టీవీకి అడ్డం రాకుండ్రి” అని అరుస్తూనే ఉంది.

కొత్తగా వచ్చేవాళ్ళకు నా చివరి మాట. రిమోట్ సెట్ చేసి వచ్చేయడంతో పని అయిపోదు. నాలుగు రోజులాగి ఇంకోసారి వెళ్ళండి. ఇంట్లో మనుషులు కూర్చునే ప్రతి చోటా కూర్చుని నొక్కి చూడండి, నిలబడి కాదు. నేనూ అలాగే వెళ్ళాను. హాలు నడుమ అరుగు ఆరి, గచ్చు మెరుస్తోంది. దాని మీద పరుపు, పరుపు మీద బాలమణక్క, సరిగ్గా ఫ్యాన్ కింద. అవతల పెద్దకొడుకు, ఇవతల చిన్నకొడుకు, ఒక్కొక్కరి చేతిలో నేను నేర్పిన రిమోట్. అవతలినుంచి నొక్కి చూశాను, పనిచేసింది. ఇవతల చాప మీద కూర్చుని ఆమె మీదుగా నొక్కాను, పనిచేసింది.

“నీకు మంచిగ కనబడ్తున్నదా అక్కా?” అని అడిగాను.

“కనబడ్తున్నది. ఇనవస్తలేదు.” ఆమె కళ్ళు తెరమీదే ఉన్నాయి. “జర సౌండ్ పెంచుండ్రిరా.”

ఇద్దరూ ఒకేసారి నొక్కారు.